సమస్య: సూది బెజ్జమందుఁ జొచ్చె నొంటె

నిర్వాహకుడు, తిరుపతి:
ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇదీ, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి:

సూది బెజ్జమందుఁ జొచ్చె నొంటె

ధనవంతుడు దేవుని రాజ్యంలో చేరడం కన్నా ఒంటె సూది బెజ్జంలో దూరడం సులువని యేసు చెప్పిన మాట (మత్తయి 19:24) దీనికి మూలం. క్రైస్తవులే రాయాలని ఏమీ లేదు. అసంభవాన్ని మాతో ఒప్పించండి, చాలు. సకారానికీ జకారానికీ యతి మైత్రి ఉంది కాబట్టి ఆ అనుమానం వద్దు.

పుత్తూరు సభ్యురాలు:
ఒంటె రోమ మెల్ల నొడుపుగా వడికిరి
అంగి చిరుగు కుట్ట నమ్మ పూనె
దార మగుచు నిపుడు దర్జాగ మెల్లగా
సూది బెజ్జమందుఁ జొచ్చె నొంటె!

బాప్తిస్మమిచ్చు యోహాను ఒంటె రోమాల వస్త్రం వేసుకునేవాడు కదా, ఆ దారమే ఇది.

చిత్తూరు మాస్టారు:
'దర్జాగ' దగ్గర నవ్వాగలేదమ్మా. ఒంటె వెంట్రుకను ఒంటె అన్నావు, లక్షణతో, అంటే పదానికి దాని సంబంధమున్న ఇంకో అర్థం చెప్పుకుని, గట్టెక్కావు. కానీ వెంట్రుక దూరితే ఆశ్చర్యపోయేదెవరు?

తిరుపతి కుర్రాడు:
తొలి పాదం దగ్గరే ఇరుక్కున్నాను సార్. "తీర్థకట్ట వీధిలో లారి యొకటి".

చిత్తూరు మాస్టారు:
యతి లేదు. చివర ఇంద్రగణం ఉండాల్సిన చోట సూర్యగణం పడింది. ఈ విరిగిన పాదానికి ఎముకలతికే పుత్తూరు కట్టు వేసినా అతకదు నాయనా! ఇట్లా చూడు:

తీర్థకట్ట వీధిఁ దిరిగెడు లారీని
చూచి పలికె తాత చోద్య మనుచు
"మలుపు తిరుగ లేక మరి మరి యరచుచు
సూది బెజ్జమందుఁ జొచ్చె నొంటె!"

తాత నోట లారీ మాటే రాలేదు, ఒంటె ఒక్కటే వచ్చింది. ఉపమేయాన్ని మింగేసి ఉపమానాన్ని మాత్రమే చెబితే అది రూపకాతిశయోక్తి.

పలమనేరు సభ్యుడు:
పురపు గోడ నున్న పొట్టి వాకిటి పేరు
సూది బెజ్జ మంట చూడ రండు
మోపు దించి వంగి మోకాళ్ళ నడచుచు
సూది బెజ్జమందుఁ జొచ్చె నొంటె.

యెరూషలేములో ఆ పేరుతో చిన్న ద్వారం ఉండేదని, సామాను దించితేనే ఒంటె పట్టేదని సండే స్కూల్లో చెప్పారండీ.

నిర్వాహకుడు:
నడక హాయిగా ఉంది, యతులు చక్కగా పడ్డాయి. పేచీ అంతా ద్వారంతోనే. యేసు కాలంలో అలాంటి పేరున్న ద్వారం ఉందనడానికి ఆధారం లేదు. అది అలా ఉంచి సువార్తనే చూడండి. ఆ మాట వినగానే శిష్యులు విస్తుపోయి, అలాగైతే ఇక రక్షణ పొందేదెవరని అడిగారు. వంగితే దాటిపోయే గుమ్మానికి అంత గాభరా దేనికి? యూదుల ధర్మగ్రంథం బబులోను తల్మూదులో సూది బెజ్జంలో దూరేది ఏనుగు. అక్కడా అసంభవానికే ఆ మాట. ఆ ఏనుగు కోసం ఎవరూ ద్వారం కట్టలేదు! ఇసుకలో నూనె తీయొచ్చు గానీ మూర్ఖుణ్ణి మెప్పించలేమని బడిలో చదువుకున్నాం. ఆ ఇసుక గానుగ పక్కదేమో అని ఎవరైనా సర్దిచెప్పారా? ఒకటి జరగదని చెప్పడానికి జరగని ఇంకోదాన్ని కల్పించడాన్ని కువలయానందం అనే అలంకార గ్రంథం మిథ్యాధ్యవసితి అంటుంది. అతిశయోక్తికి దగ్గరి చుట్టం. కొలతలు సరిచేసి ఒంటెను పట్టించామా, చెప్పిన మాటకు పదునే పోతుంది.

పలమనేరు సభ్యుడు:
వంగడం వినయానికి గుర్తని బోధించడానికైనా పనికొస్తుంది కదా సార్?

నిర్వాహకుడు:
బోధకు పనికొస్తుందేమో. పూరణకు మాత్రం రాదు.

మదనపల్లె సభ్యురాలు:
పన్ను లాగి బలిసి బతికిన జక్కయ్య
మేడి డిగ్గి ప్రభుని మేడఁ జేర్చె
సగము సిరిని బీద జనులకుఁ బంచఁగా
సూది బెజ్జమందుఁ జొచ్చె నొంటె!

లూకాలో 18వ అధ్యాయంలో ఒంటె మాట ఉంది, 19లో యేసును చూడ్డానికి మేడిచెట్టెక్కిన ధనిక సుంకరి జక్కయ్య వస్తాడు. రెండూ పక్కపక్కనే.

పుత్తూరు సభ్యురాలు:
మేడి, మేడ! భలే అక్కా.

చిత్తూరు మాస్టారు:
ఇదీ పూరణంటే. ఒంటెను చిన్నది చేయలేదు, బెజ్జాన్ని పెద్దది చేయలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్న మాట రాలేదు, సరే, ఆటవెలదిలో చోటెక్కడ? ఒకటే అభ్యంతరం. జక్కయ్య పేరు చెప్పేశావు గనుక దీన్ని శుద్ధమైన రూపకాతిశయోక్తి అనలేను.

మదనపల్లె సభ్యురాలు:
పేరు తీసేస్తే ఎవరో తెలియదు కదా మాస్టారూ?

చిత్తూరు మాస్టారు:
పన్నులు లాగినవాడు, మేడిచెట్టు దిగినవాడు. ఇంకెవరుంటారమ్మా? "బతికిన పొట్టోడు" అను, గణం కూడా సరిపోతుంది.

నిర్వాహకుడు:
రెండు పాఠాలూ ఉంచుతున్నాను. నా ఓటు మాత్రం జక్కయ్యకే. ఎవరా అని వెతుక్కుంటూ కూర్చుంటే చివరి పాదం దెబ్బ తగలదు. అలంకారం పేరు కొంచెం అటూఇటూ అయినా ఫర్వాలేదు.

వచ్చే వారానికి మత్తయి 7వ అధ్యాయం నుంచి, తన కంట్లో దూలాన్ని వదిలి ఎదుటివాడి కంట్లో నలుసును చూసేవాడి మాట. మళ్ళీ ఆటవెలదే:

కంటి దూల మొకటి కాంతి నిచ్చె

దూలాన్ని పుల్లగా చెక్కి తెచ్చేవాళ్ళకు ముందే చెబుతున్నా, మార్కులు పడవు.