అక్షరాలు వచ్చాయి, చదవడం రావట్లేదు. అమ్మకు ఎలా నేర్పాలి?

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు, చిన్నప్పుడు బడికి వెళ్లలేదు, సంతకం మాత్రం చేస్తుంది. ఆరు నెలలుగా రోజూ అరగంట కూర్చోబెట్టి నేర్పిస్తుంటే అక్షరాలు, గుణింతాలు వచ్చేశాయి కానీ అసలు కష్టం ఇప్పుడే మొదలైంది. నిన్న మందుల డబ్బా మీద "రాత్రి భోజనం తర్వాత ఒకటి" అని పెద్దక్షరాలతో రాసి అతికించాను. "రాత్రి" చూడగానే గుర్తుపట్టింది, మిగతాది వేలు పెట్టి కూడబలుక్కుంటూ "తర్వాత"లో వావత్తు దగ్గర ఆగిపోయి, ఎలాగో చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివిందో మర్చిపోయింది. "నాకింక రాదులే" అని డబ్బా పక్కన పెట్టేసింది. చాలా బాధేసింది.

అక్షరాస్యతకు 1958లో యునెస్కో ఇచ్చిన నిర్వచనం చూశాను. రోజువారీ జీవితం గురించి చిన్న, తేలికైన వాక్యాన్ని అర్థం చేసుకుంటూ చదవగలగాలి, రాయగలగాలి కూడా. అంటే సంతకం వస్తే సరిపోదు, అక్షరాలు పలికినా సరిపోదు. అమ్మ మధ్యలో ఉండిపోయింది. (చెప్పి రాయించుకునే పని లేకుండా చెల్లికి తనే ఒక ఉత్తరం రాయాలని తన కోరిక.)

పెద్దవాళ్లకు నేర్పిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. వత్తులన్నీ పూర్తయ్యాకే వాక్యాల్లోకి వెళ్లాలా, లేక తనకు తెలిసిన మాటలతోనే వాక్యాలు రాసిచ్చి అదే మళ్లీ మళ్లీ చదివించాలా? రాయడం ఇప్పుడే మొదలుపెట్టొచ్చా? పిల్లల వాచకం ఇస్తే చిన్నబుచ్చుకుంటోంది, దాని బదులు ఏం ఇవ్వాలి?