డ్రైవర్ కోడ్‌లో 1 << 31 రాస్తే ఏ కొంపలు మునుగుతాయండీ?

పలాస_పిక్క: జీడిపిక్కల డ్రయ్యర్లకి కంట్రోలర్ బోర్డులు చేస్తాం. చిప్పు ఎస్‌టీఎం32, కంపైలర్ జీసీసీ. రిజిస్టర్‌లో (చిప్పుని నడిపే 32 బిట్ల గడి) 31వ బిట్ కోసం 1 << 31 అని రాశాను. కొత్తగా చేరిన కుర్రాడు ‘అన్‌డిఫైన్డ్ బిహేవియర్’ (ఫలితం ఇదీ అని సీ భాష మాటివ్వదు) అంటూ రివ్యూలో వెనక్కి కొట్టాడు. ఏళ్ల తరబడి ఇలాగే రాస్తున్నాను, దీనివల్ల ఒక్క బోర్డూ తిరిగి రాలేదు. ఎవరిది రైటు?

రాజాం_రిజిస్టర్: కుర్రాడిదే. ఉత్త 1 అంటే సైన్డ్ ఇంట్, మైనస్ విలువలూ పట్టే రకం. 31 స్థానాలు జరిపితే వచ్చే విలువ 32 బిట్ల ఇంట్‌లో పట్టదు. సీ భాష ప్రమాణాలు సీ99, సీ11 రెండూ దాన్ని అన్‌డిఫైన్డ్ అనే అన్నాయి. 1 పక్కన యు (అన్‌సైన్డ్, అంటే మైనస్ లేని రకం) పెడితే పోయేదానికి ఇంత పంతమా?

పలాస_పిక్క: జీసీసీ మాన్యువల్ చూశావా బాబూ? సైన్డ్ ఎడమ షిఫ్ట్‌లో సీ99, సీ11 ఇచ్చిన ఆ వెసులుబాటు మేం వాడుకోం అని వాళ్లే రాసుకున్నారు. నేను వాడేది జీసీసీయే కదా.

రాజాం_రిజిస్టర్: ఆ పక్క వాక్యం మింగేశారేం? శానిటైజర్ (కోడ్ నడిచేటప్పుడు ఇలాంటి తప్పులు పట్టే ఆప్షన్) పెడితే దాన్ని పట్టుకుంటుందనీ అక్కడే ఉంది. పోనీ 31 వదిలేయండి. సెన్సర్ నుంచి 4 బైట్లు తెచ్చి, జరిపి, కలిపి 64 బిట్ల వేరియబుల్‌లో వేశారనుకోండి. బైటు అన్‌సైన్డే అయినా షిఫ్ట్‌కి ముందే ఇంట్ అయిపోతుంది. పై బైటు 127 దాటిందా, 24 జరిపేసరికి మైనస్ చూపే సైన్ బిట్ లేస్తుంది, 64లోకి వెళ్లేటప్పుడు పై 32 బిట్లూ ఒకట్లతో నిండిపోతాయి. 127 దాకా మాత్రం బల్ల మీద అన్ని టెస్టులూ పాసే!

నాగావళి_ఒడ్డు: షిఫ్ట్ సంఖ్య వేరియబుల్‌లో 32 వస్తే ఇంటెల్ ప్రాసెసర్‌లో 1 వస్తుంది, 32 బిట్ల ఆర్మ్‌లో (ఎస్‌టీఎం32 ఆ రకమే) 0 వస్తుంది. రెండూ చూశాను.

పలాస_పిక్క: నేను 32 అనలేదండీ. 31 అన్నాను.

కోటబొమ్మాళి: ఏటి గురూ, ఒక్క అక్షరానికి ఇంత రచ్చా? యు పెట్టేసి అన్నం తినండి.

బొబ్బిలి_బూట్‌లోడర్: యు పెడితే అన్నీ సర్దుకోవు. 64 బిట్ల వేరియబుల్‌లో 3వ బిట్ ఒక్కటే చెరపాలని & ~(1యు << 3) రాశారనుకోండి. మాస్క్ (ఏ బిట్లు ఉంచాలో చెప్పే విలువ) 32 బిట్ల అన్‌సైన్డ్ కాబట్టి పైన సున్నాలతో సాగుతుంది, పై సగం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

ఇంకోటి, షిఫ్ట్ కన్నా పెద్దది. ఒకటి రాస్తే చెరిగిపోయే స్టేటస్ బిట్లుంటాయి. అక్కడ |= (చదివి, బిట్ కలిపి, తిరిగి రాయడం) వాడితే చదివినప్పుడు ఒకట్లుగా ఉన్నవన్నీ మళ్లీ ఒకట్లుగానే రాస్తాం. మనం ఇంకా చూడని ఇంటరప్ట్‌లూ పోతాయి. పిన్నుల దగ్గర ఓడీఆర్ (అవుట్‌పుట్ రిజిస్టర్) మీద |= చేస్తుంటే మధ్యలో ఇంటరప్ట్ దూరి అదే పోర్టు మార్చిందా, ఆ మార్పు గల్లంతు. పిన్నుల బిట్లు పెట్టి చెరిపే బీఎస్‌ఆర్‌ఆర్ రిజిస్టర్ పెట్టిందే అందుకు, చదివే పని లేకుండా నేరుగా రాయొచ్చు.

పలాస_పిక్క: చూశారా! యు పెట్టినందుకే పోయింది. నా సైన్డ్ మాస్కయితే పైన ఒకట్లతో సాగి సరిగ్గా పనిచేసేది.

రాజాం_రిజిస్టర్: అదృష్టం బాగుండి పనిచేసేది. అక్కడ పెట్టాల్సింది యూఎల్‌ఎల్, 64 బిట్ల అన్‌సైన్డ్. ఇవన్నీ గుర్తుపెట్టుకోలేకే లైనక్స్ కెర్నెల్‌లో బిట్, జెన్‌మాస్క్, ఫీల్డ్ ప్రెప్ మాక్రోలు పెట్టుకున్నారు. విలువని మాస్క్ చెప్పిన చోటికి జరిపే ఫీల్డ్ ప్రెప్‌కి మాస్క్‌లో పట్టని స్థిర విలువ ఇస్తే కంపైలే అవ్వదు. మీ కుర్రాడు అవే తెచ్చుంటాడు.

పలాస_పిక్క: తెచ్చాడు. నన్నొక్క మాటయినా అడక్కుండా ఫైలంతా మార్చేశాడు. సీజన్‌లో డ్రయ్యర్ ఆగితే రాత్రికి రాత్రి కాశీబుగ్గ పరిగెత్తేది వాడా? నేను! ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో డేటాషీట్ ప్రింటు. 31వ బిట్ అంటే కోడ్‌లో 31 కనబడాలి నాకు. ఆ మాక్రో ఏ హెడర్‌లో దాక్కుందో యజమాని నెత్తిన నిల్చుని అరుస్తుంటే వెతకమంటావా? బెంగళూరులో రెండేళ్లు చేసొచ్చి మాకు పాఠాలు!

రాజాం_రిజిస్టర్: బెంగళూరు నుంచొచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. విజయనగరంలో ఒక చిన్న కంపెనీలో ఇలాంటి పెద్దాయన కోడే నా మెడకి చుట్టారు. ఛానెళ్ల మాస్క్‌కి (1 << సంఖ్య) - 1 అని రాశారాయన. ఛానెళ్లు 32 అయినా ఆర్మ్ బోర్డులో 0లోంచి 1 తీస్తే అన్నీ ఒకట్లే, భేషుగ్గా నడిచింది. అదే కోడ్ ఇంటెల్ పెట్టెలోకి మార్చాక 1లోంచి 1 పోయి సున్నా, ఒక్క ఛానెలూ లేవలేదు. ఆయన అప్పటికే రిటైరు. ‘ఇన్నాళ్లూ నడిచింది, నువ్వు ముట్టుకున్నాకే పోయింది’ అని తిట్లన్నీ నాకు. ఇంక్రిమెంటూ ఆపేశారు.

పలాస_పిక్క: అది మీ బాసు చేసిన అన్యాయం. నా 31కి ఏటి సంబంధం?

రాజాం_రిజిస్టర్: మీరు మానేశాక ఆ బోర్డు ఎవరి చేతిలో పడుతుంది?

పలాస_పిక్క: నేనున్నంత కాలం రాత్రి ఫోన్ నాకే వస్తుంది. వాడూ వచ్చి రెండు సీజన్లు ఆ పొగలో నిలబడమను, అప్పుడు ఫైలు వాడిదే. అంతవరకూ యు పెడతాను, యూఎల్‌ఎల్ అయినా పెడతాను. ఫీల్డ్ ప్రెప్ మాత్రం రానివ్వను.

రాజాం_రిజిస్టర్: అయితే ఆ ఫోన్లో కుర్రాడి నంబరు కూడా పెట్టమనండి. ఆ మాట వాడితో ఎప్పుడైనా అన్నారా?

బొబ్బిలి_బూట్‌లోడర్: పలాస గారూ, ఇంతకీ మీ స్టేటస్ రిజిస్టర్ మీద |= ఉందా లేదా?

పలాస_పిక్క: చూసి చెప్తాను.