బాన్ మీ చవకగానే ఉండాలని మనం కోరడం న్యాయమేనా?

తూర్పుగాలి (చర్చ మొదలుపెట్టినవారు)

అమెరికాలో, కాలిఫోర్నియాలోని సాన్ హోసేలో స్టోరీ రోడ్డు దగ్గర, మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక వియత్నాం బేకరీ ఉంది. పేరు రాయను. పదమూడేళ్ళుగా శనివారం పొద్దుటి తిండి మాకు అక్కడే. లోపల నాలుగు బల్లలు, గోడకు ఒక పాత క్యాలెండరు, గాజు అరల్లో రంగురంగుల బియ్యప్పిండి మిఠాయిలు. కార్డులు తీసుకోరు, నోట్లే ఇవ్వాలి.

పోయిన శనివారం వెళ్ళేసరికి ధరల పట్టికలో అంకెల మీద తెల్లకాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. ఐదున్నర డాలర్లున్న బాన్ మీ, అంటే వాళ్ళ శాండ్‌విచ్, ఏడయింది. వరుసలో నా ముందున్న తెలుగాయన "రొట్టె ముక్కకు ఏడు డాలర్లా!" అని భార్యతో అన్నారు. కౌంటరు దగ్గరికి వెళ్ళాక అదే మాట ఇంగ్లీషులో అక్కడున్న ఆవిడతోనూ అన్నారు. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. బదులు చెప్పకుండా చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. ఆ మాట నన్ను రోజంతా పొడుస్తూనే ఉంది. ఎందుకంటే పట్టిక చూడగానే నా మనసులోనూ అదే మెదిలింది.

ఆ రొట్టె ముక్కలో ఏముందో ఒకసారి చూద్దాం. జానెడు పొడవు, పొయ్యిలోంచి తీసి గంట కూడా కాని రొట్టె. కొరికితే పైపెంకు అప్పడంలా పగిలి చొక్కా నిండా రాలుతుంది, లోపల దూది. ఒక వైపు కాలేయంతో చేసిన పాటే అనే మెత్తటి ముద్ద, రెండో వైపు గుడ్డు సొనతో గిలక్కొట్టిన వెన్నలాంటి మయోనైజ్. మధ్యలో బొగ్గుల మీద కాల్చిన పంది మాంసమో, చా లువా అనే ఉడికించిన మాంసపు ముద్ద ముక్కలో. ఆపైన సిర్కాలో ఊరవేసిన కారట్, ముల్లంగి, నిలువుగా కోసిన దోసకాయ, కాడలతో సహా కొత్తిమీర, నాలుగు పచ్చిమిరప చక్రాలు. ఇన్ని పనులూ ఎవరో తెల్లవారుజామున లేచి చేసినవే.

నా అభిప్రాయం ఇది. ఇన్నేళ్ళుగా మనం తిన్న చవకదనానికి ఆ బేకరీ ఇంటివాళ్ళే వెల చెల్లించారు. ధర పెరగాల్సిందే. పెరిగినప్పుడు మనం నోరు మెదపకుండా ఇవ్వాలి. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

రెండోషిఫ్టు

నేను కాదంటాను. 2009లో ఇక్కడికి చదువుకోవడానికి వచ్చినప్పుడు రెండున్నర డాలర్లకు ఒక బాన్ మీ దొరికేది. మధ్యాహ్నం సగం, రాత్రి సగం. రాత్రికి రొట్టె తోలులా సాగేది, అయినా కడుపు నిండేది. ఆ బేకరీ లేకపోతే ఆ రెండేళ్ళు ఎలా గడిచేవో నాకు తెలియదు. కాబట్టి "నోరు మెదపకుండా ఇవ్వాలి" అన్నది ఇప్పుడు జీతం బాగా వస్తున్నవాళ్ళు అనగలిగే మాట.

ఇంకో సంగతి. బాన్ మీకి చవకదనం తర్వాత అంటుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. ఫ్రెంచివాళ్ళు 1859లో వియత్నాంలోని సైగాన్ పట్టుకున్నాక రొట్టె అక్కడికి చేరింది. వాళ్ళ పద్ధతిలో రొట్టె, వెన్న, మాంసం పళ్ళెంలో విడివిడిగా వడ్డిస్తారు. అది దొరల తిండి. 1954లో దేశం రెండుగా చీలి, ఉత్తరం నుంచి లక్షలాది మంది దక్షిణానికి వచ్చిన తర్వాత సైగాన్‌లో అది మారింది. 1958లో తెరిచిన హోవా మా అనే కొట్టు, పనికి పరుగెత్తేవాళ్ళు చేత్తో పట్టుకుని పోయేలా అన్నీ రొట్టెలోనే కూరి అమ్మిందని చెబుతారు. మాంసం తగ్గించి, ఊరగాయా ఆకూ పెంచి, కూలివాడికి అందే ధరకు దించారు. ఆ లక్షణాన్ని తీసేస్తే మిగిలేది వేరే తిండి.

ఈ ఊళ్ళోనే 1983లో మొదలైన లీస్ శాండ్‌విచెస్ అనే బాన్ మీ కొట్ల కుటుంబం అంతకుముందు ట్రక్కుల మీద పనివాళ్ళకు తిండి అమ్మినవాళ్ళే. వాళ్ళు పెద్ద సంస్థగా ఎదిగింది ఎక్కువమందికి తక్కువ ధరకు అమ్మి. అది వాళ్ళ తెలివి. దాన్ని మనం త్యాగంగా చూసి జాలిపడటం వాళ్ళకు గౌరవం కాదు.

పిండిముద్ద

ఇద్దరూ లెక్క వేయకుండా వాదిస్తున్నారు. నేను ఇలాంటి బేకరీలో నాలుగేళ్ళు రాత్రిపూట పనిచేశాను, తెలిసింది చెబుతాను.

ముందు రొట్టె. బియ్యప్పిండి కలుపుతారు కాబట్టే అంత తేలిక అని చాలామంది అంటారు. నేను పనిచేసిన చోట గోధుమపిండి తప్ప మరొకటి ముట్టలేదు. ఈస్టు ఎక్కువ, పొంగే సమయం తక్కువ, పొయ్యిలో ఆవిరి బాగా పట్టించడం, ఇవే ఆ పలుచని పెంకుకు కారణం. దీనికి ఒక శిక్ష కూడా ఉంది. ఆ రొట్టె నాలుగైదు గంటలకు మించి బతకదు. కాబట్టి రోజుకు రెండు మూడు సార్లు కాల్చాలి, కాల్చేమనిషి రోజంతా ఉండాలి.

ఇప్పుడు కూలి. సాన్ హోసే నగరంలో 2025లో కనీస వేతనం గంటకు 17 డాలర్ల 95 సెంట్లు. పొయ్యి దగ్గర ఒకరు, కోత దగ్గర ఒకరు, కూర్చడానికి ఒకరు, డబ్బు దగ్గర ఒకరు. నలుగురికి గంటకు 71 డాలర్ల 80 సెంట్లు. రద్దీ వేళా ఖాళీ వేళా కలిపి సగటున గంటకు 20 అమ్మితే ఒక్కోదాని మీద కూలే 3 డాలర్ల 59 సెంట్లు. ఐదున్నరలో మిగిలేది 1 డాలరు 91 సెంట్లు. పిండి, మాంసం, కూరగాయలకు ఒకటిన్నర వేసుకోండి. మిగిలిన 41 సెంట్లలో అద్దె, గ్యాసు, కరెంటు, చెత్తబండి.

ఇది కుదరదు. కుదురుతోందంటే ఆ నలుగురిలో ఇద్దరు జీతం తీసుకోవడం లేదని అర్థం. నేను పనిచేసిన చోట ఆ ఇద్దరు యజమాని భార్య, ఆయన వదినగారు.

రెండోషిఫ్టు

మీ లెక్కనే తీసుకుంటాను. ధర ఏడుకు పెంచితే వరుస తగ్గదా? గంటకు 20 పోయి 15 అయిందనుకుందాం. వచ్చేది 105 డాలర్లు, కూలి పోగా 33 డాలర్ల 20 సెంట్లు. పాత ధరకు 20 అమ్మినప్పుడు వచ్చేది 110, కూలి పోగా 38 డాలర్ల 20 సెంట్లు. ధర పెంచి నష్టపోయినట్టే కదా!

పిండిముద్ద

సరుకు మరిచారు. 20కి 30 డాలర్లు, 15కి 22 డాలర్ల 50 సెంట్లు. పాత పద్ధతిలో గంటకు మిగిలేది 8 డాలర్ల 20 సెంట్లు, కొత్త పద్ధతిలో 10 డాలర్ల 70. ఎటు తిప్పినా స్టోరీ రోడ్డు అద్దెకు చాలదు. అందుకే ఈ కొట్లు బాన్ మీ మీద కాకుండా కాఫీ మీద, మిఠాయిల మీద, వారాంతపు పెళ్ళి ఆర్డర్ల మీద బతుకుతాయి. చిక్కని పాలు పోసిన ఆ చల్లటి కాఫీ ఒకటి కలిపి కొనండి, చర్చ సగం తీరుతుంది.

హ్యూస్టన్‌వాసి

మా హ్యూస్టన్‌లో బెల్లెయిర్ బులవర్డ్ అనే రోడ్డు మీద ఇప్పటికీ ఐదు డాలర్లకే దొరుకుతోంది. అద్దె తక్కువ, టెక్సాస్‌లో కనీస వేతనమూ తక్కువే. సాన్ హోసే ధరల్లో కొంత భాగం వెళ్ళేది స్థలం యజమానికి. మీరు బేకరీ ఆవిడకూ కొనేవాళ్ళకూ మధ్య తగువు పెడుతున్నారు, మూడోవాడు కనిపించడం లేదు.

ఏకాదశి

శాకాహారిని. మాంసం లేని బాన్ మీని వాళ్ళు "చాయ్" అంటారు, మన చాయ్ లాగే వినబడుతుంది. మొదటిసారి టీ పోసి ఇస్తారేమోనని ఎదురుచూశాను. వాళ్ళలో బౌద్ధులు చాలామంది చాంద్రమానంలో నెలకు రెండు రోజులు, పాడ్యమి నాడూ పున్నమి నాడూ మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో వెళితే టోఫు, పుట్టగొడుగులతో చేసిన రకాలు ఎక్కువ ఉంటాయి, తాజాగానూ ఉంటాయి. ఆచారం గట్టిగా పాటించేవాళ్ళు ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మా అమ్మమ్మకు ఆ వంట పెట్టి ఉంటే మారు అడిగేది.

నా సందేహం ధర గురించే. మాంసం లేకపోయినా అదే ధర ఎందుకని ఒకప్పుడు గొణుక్కునేదాన్ని. పిండిముద్దగారి లెక్క చూశాక అర్థమైంది, వెల మాంసానిది కాదు, చేతులది. మయోనైజ్‌లో గుడ్డు ఉంటుంది, వద్దనుకునేవారు ముందే చెప్పాలి.

తూర్పుగాలి

హ్యూస్టన్‌వాసిగారి మాట ఒప్పుకుంటున్నాను, అద్దె సంగతి నేను తలచలేదు. అయినా అద్దె తగ్గించడం ఆవిడ చేతిలో లేదు, మన చేతిలోనూ లేదు. ఆ ఏడు డాలర్లు మాత్రం మన చేతిలో ఉన్నాయి.

రెండోషిఫ్టుగారూ, మీకు ఒక ప్రశ్న. మన తెలుగు హోటల్లో మసాలా దోసెకు 14 డాలర్లు ఇస్తాం. చట్నీ పలచగా ఉందంటాం గానీ ధర ఎక్కువని వంటవాడి ముఖం మీద అనం. అదే వియత్నాం ఆవిడ దగ్గర ఏడుకు గొంతు లేస్తుంది. ఫలానావాళ్ళ తిండి చవకగా ఉండాలని మనం ముందే తీర్మానించుకున్నాం. అందులో వాళ్ళ మీద ఒక చిన్నచూపు దాగి ఉంది.

రెండోషిఫ్టు

చిన్నచూపు అనకండి. దోసె హోటల్లో కూర్చోబెట్టి వడ్డిస్తారు, అక్కడికి నేను నెలకు ఒకసారి వెళతాను. బేకరీకి వారానికి నాలుగుసార్లు వెళతాను. అన్నం ధర పెరిగితే కలిగే బాధ పండగ వంట ధర పెరిగితే కలగదు. నేను ఇప్పటికీ గోదాములో రాత్రి షిఫ్టు చేస్తున్నాను. నాతో పనిచేసే వియత్నాం, మెక్సికో మనుషులందరూ ఆ కొట్లలోనే తింటారు. వాళ్ళ తరఫున అడుగుతున్నాను. మీలాంటివారు సంతోషంగా ఎనిమిది, తొమ్మిది ఇచ్చుకుంటూ పోతే, ఒక రోజు గోడలకు తెల్లరంగు వేసి, మొక్కలు పెట్టి, 15 డాలర్లకు అమ్మే కొట్టు అక్కడికి వస్తుంది. మా షిఫ్టులో ఒక్కరూ లోపలికి అడుగుపెట్టలేరు. అది ఎవరికి న్యాయం?

రోలు_పొత్రం

చదివి ఊరుకుందామనుకున్నాను, కుదరలేదు.

మా అమ్మ నరసరావుపేటలో ఇడ్లీ బండి నడిపింది, పంతొమ్మిదేళ్ళు. మూడింటికి లేచేది. నాయనమ్మ పచ్చడి రుబ్బేది, నేను బడికి వెళ్ళేముందు పళ్ళేలు తోమేవాణ్ణి. హోటల్లో పాతిక రూపాయలున్న ప్లేటు మా బండి దగ్గర పది. సాయంత్రం నాన్న లెక్క రాసేవారు. బియ్యం, మినప్పప్పు, కట్టెలు, నూనె, అన్నీ ఉండేవి. అమ్మ కూలి, నాయనమ్మ కూలి, నా కూలి ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ లేవు. అది లాభం అనుకునేవాళ్ళం. పిండిముద్దగారు రాసిన "జీతం తీసుకోని ఇద్దరు" దగ్గర ఆగిపోయాను, చాలాసేపు ముందుకు చదవలేకపోయాను.

ఒకసారి మినుములు మండిపోయి అమ్మ రెండు రూపాయలు పెంచింది. రెండోషిఫ్టుగారు భయపడినట్టే హమాలీలు వారం రోజులు తగ్గారు. కానీ వాళ్ళెవరూ అమ్మను ఒక్క మాట అనలేదు. మూడు తినేవాళ్ళు రెండు తిన్నారు, లేదా రాలేదు, తర్వాత మళ్ళీ వచ్చారు. అన్నది ఎవరంటే, స్కూటర్ల మీద వచ్చి ఇంటికి పొట్లాలు కట్టించుకుపోయేవాళ్ళు. "బండి మీద కూడా ఇంతేనా అమ్మా" అనేవాళ్ళు. ఆ "కూడా" అన్న మాట అమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు.

అమ్మ తర్వాత ఏం చేసిందో చెబుతాను. హమాలీలకు పన్నెండుకు నాలుగు బదులు ఐదు ఇడ్లీలు వేయడం మొదలుపెట్టింది. స్కూటర్లవాళ్ళకు నాలుగే. ఎవరికీ చెప్పలేదు.

ఏకాదశి

రోలు_పొత్రంగారూ, అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

రెండోషిఫ్టు

నాకు అలాంటి మనుషుల దగ్గర తినడం తెలుసు. నేను చదువుకునే రోజుల్లో కౌంటరు దగ్గరి పెద్దాయన రాత్రి తొమ్మిది దాటాక అడగకుండానే సంచీలో ఒక రొట్టె ఎక్కువ పడేసేవాడు. ఇంతవరకు దాన్ని మిగిలిపోయిన సరుకు అనుకున్నాను. మిగిలిందే కావచ్చు. నాకే ఎందుకు వేశాడో ఎప్పుడూ ఆలోచించలేదు.

ధర మీద నా మాట మాత్రం మార్చుకోను. తక్కువ జీతం ఉన్నవాడికి దారి మిగలాలి.

తూర్పుగాలి

ఈ రోజు మళ్ళీ వెళ్ళాను. ఈసారి పట్టికను చివరిదాకా చూశాను. తెల్లకాగితం ముక్కల కింద, అట్టడుగున, చేత్తో రాసిన ఒక వరుస వియత్నామీస్‌లో ఉంది. పదమూడేళ్ళలో దాన్ని చదివించుకోవాలని నాకు తోచలేదు. వెనకున్న అబ్బాయిని అడిగితే చెప్పాడు: అరవై దాటినవారికీ, ఉదయం ఎనిమిదిలోపు వచ్చేవారికీ పాత ధర.

ఆవిడను కూడా అడిగాను, ఎనిమిదిలోపే ఎందుకని. అప్పుడు వచ్చేవాళ్ళు పనికి పోయేవాళ్ళో, పని నుంచి వచ్చేవాళ్ళో అయ్యుంటారని అంది. నేను వెళ్ళింది తొమ్మిదిన్నరకు. ఏడు ఇచ్చాను, కాఫీ కూడా కొన్నాను.

రెండోషిఫ్టు

నా షిఫ్టు ఆరున్నరకు అయిపోతుంది. మొదటి వాయి రొట్టె ఎన్నింటికి తీస్తారు?

తూర్పుగాలి

ఏడుంబావుకు. పక్క తలుపు దగ్గర నిలబడండి, ముందు తలుపు ఏడున్నరకు గానీ తీయరు.