అప్‌డేట్: ఫొటోలో కళ్లకలక, నేరుగా చూస్తే వేరే

పాప కన్ను ఎర్రబడితే ఫొటో చూసి ఇచ్చిన మందు సరిపోతుందా అని అడిగాను కదా. ఫొటోలు చూసిన డాక్టరు కళ్లకలక అన్నారు. రెండు రోజులకి నొప్పి పెరిగింది, లైటు వేస్తే కన్ను తెరవలేకపోయింది. టెన్షన్‌తో వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ముందు అక్షరాల చార్టు చదివించారు. తర్వాత కంట్లో నారింజ రంగు డై వేసి, స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోపు) నీలి కాంతిలో చూశారు. నల్లగుడ్డు మీద చెట్టుకొమ్మలా చీలిన సన్నటి ఆకుపచ్చ గీత. నాకూ చూపించారు. హెర్పిస్ వైరస్ పుండట! నా ఫొటోల్లో కనిపించింది ఎరుపు ఒక్కటే.

ఇంట్లో పాత స్టెరాయిడ్ చుక్కలున్నాయి, వేసేదాన్నే. ఈ పుండుకి అవి వేస్తే ఇంకా ముదురుతుందని చెబితే గుండె ఝల్లుమంది. యాంటీవైరల్ జెల్ వాడుతున్నాం. ఈరోజు పాప కన్ను తెరిచి నన్ను చూసింది.