‘గ్రిడ్ ఆర్కిటెక్చర్’ను తెలుగులో ఏమందాం?

విద్యుత్ వ్యవస్థకు సంబంధించిన ఈ మాటకు ‘గ్రిడ్ నిర్మాణం’ అన్న అనువాదంతో నాకు పేచీ ఉంది. నిర్మాణమనగానే టవర్లు నిలబెట్టడం, తీగలు లాగడం మనసులో మెదులుతాయి. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలలో జెఫ్రీ టాఫ్ట్ ప్రభృతులు పెంపొందించిన ఈ పద్ధతిలో విద్యుత్ పరికరాలతో పాటు నియంత్రణ, సమాచార ప్రసారం, విపణి, నిబంధనలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడాలి, ఎవరి ఆదేశం ఎంతవరకు చెల్లాలి అన్న ప్రశ్నలకే పెద్దపీట.

మనకు తెలిసిన ఉదాహరణే చూద్దాం. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినా దక్షిణ గ్రిడ్ నిలిచింది. అప్పట్లో విశాఖలోని గాజువాక వంటి చోట్ల ఏకాంతర విద్యుత్తును (ఏసీ) ఏకముఖంగా (డీసీ) మార్చి, తిరిగి ఏకాంతరం చేసి ఇవతలికి పంపేవారు కనుక, రెండు వైపులా పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) ఒకటే కానక్కరలేదు. అక్కడి కుదుపు నేరుగా ఇక్కడికి పాకే వీలు లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణం తక్కిన దేశంతో ఒకే లయలో కలిసింది. అదనంగా వచ్చింది ఒక లైనే అయినా, కలయిక తీరు మారడంతో లాభనష్టాలు రెండూ ఉమ్మడి అయ్యాయి. ఆ తీరును ‘నిర్మాణం’ పట్టివ్వదు.

‘విన్యాసం’ వ్యుత్పత్తి రీత్యా సరిపోయేదే కానీ, పత్రికల పుణ్యమా అని అది నౌకాదళానికీ సర్కసుకూ అంకితమైపోయింది. ‘పొందిక’ చక్కని మాటే. అయితే అందులోనే మెచ్చుకోలు ఉన్నందున ‘లోపభూయిష్టమైన పొందిక’ అంటే పొసగదు. మంచికీ చెడుకూ చెల్లే ‘అమరిక’ వైపే నా మొగ్గు.

ఈ శాస్త్రంలోని ‘టియర్ బైపాసింగ్’ (tier bypassing) అనే మరో పారిభాషిక పదానికి ‘అంచె దాటవేత’ అనవచ్చు. ఇళ్ల మీది సౌరఫలకాలకు జతచేసిన బ్యాటరీల నుంచి కరెంటు పంపమని రాష్ట్రమంతటా విద్యుత్ రాకపోకలను సమన్వయపరిచే లోడ్ డిస్పాచ్ కేంద్రం, స్థానిక పంపిణీ సంస్థ అయిన డిస్కంకు తెలియకుండా నేరుగా ఆదేశించిందనుకుందాం. అదే సమయంలో ఆ ఇళ్లకు కరెంటు తెచ్చే లైనులో, అంటే ఫీడరులో, వోల్టేజీ హద్దు మీరుతోందని డిస్కం తగ్గించే యత్నంలో ఉండవచ్చు. ఎవరి లెక్కలో వారు సరైనవారే, ఫీడరు మాత్రం ఒక్కటే. ఒకరికొకరు కనబడకుండా ఒకే తీగను చెరోవైపు లాగే ఈ స్థితిని ఇంగ్లిషులో ‘హిడెన్ కప్లింగ్’ (hidden coupling) అంటారు; దానికి ‘చాటుముడి’ అని పేరు పెడితే ఎలా ఉంటుందో విద్యుత్ శాఖలో పనిచేసే సభ్యులు చెప్పాలి.