పాత 407 ఘాట్‌లో బ్రేకు గట్టిపడింది: తప్పు షెడ్డుదా, మార్పులు చేయించుకున్న నాదా?

ఒంగోలు మాస్టారు
అందరికీ నమస్కారం. నా 407 సంగతి పాత సభ్యులకు తెలుసు, కొత్తవారి కోసం క్లుప్తంగా చెబుతాను. 1994 మోడల్ టాటా 407. పాతికేళ్లకు పైగా కూరగాయలు మోసి అలసిపోయిన బండిని కొన్నాను. సరుకుల తొట్టి తీయించి, ఆ స్థానంలో చెక్క గది కట్టించాను. ఇద్దరు పడుకునే మంచం, నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి. రెండేళ్ల ఆదివారాలన్నీ దానికే పోయాయి.

మొన్న సెలవుల్లో శ్రీశైలం వెళ్లాం. తిరుగు ప్రయాణంలో శిఖరం దాటి దోర్నాల వైపు దిగుతుండగా బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా అంగుళం దిగలేదు. రెండో గేరుకు దించి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు మట్టికట్టకు ఆనించి ఆపాను. ఎడమ మడ్‌గార్డు నలిగింది. పక్కన నా భార్య, మధ్యలో మా అమ్మాయి కూర్చుని ఉన్నారు. బండి ఆగాక మా అమ్మాయి నా చొక్కా అంచు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అంతకు ముందే రెండు తలనొప్పులు వచ్చాయి. కొత్తగా వేయించిన 8.25 టైర్లు, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటున్నాయి. ఒకసారి హెడ్‌లైట్ల వైరింగు కాలి పొగ వచ్చింది. షెడ్డుకు మొత్తం మీద లక్షన్నర ఇచ్చాను. పేరు చెప్పను. కానీ డబ్బు తీసుకుని పని చేసిన షెడ్డుకు బాధ్యత లేదా? ఇదే నా ప్రశ్న.

నెల్లూరు హైవే
మాస్టారూ, మీ సమాధానం మీ టపాలోనే ఉంది. టైర్లు! మీ బండికి వచ్చినవి 7.50-16. మీరు వేసినవి 8.25-16. చక్రం ఎత్తు దాదాపు అయిదు సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే బ్రేకు డ్రమ్ము అదే, లైనర్లు అవే, కానీ ఆపవలసిన చక్రం పెద్దది. గేరులో బండిని పట్టి ఉంచే శక్తి కూడా ఆ మేరకు తగ్గుతుంది. మీటరు 60 చూపిస్తుంటే మీరు నిజానికి 63, 64లో దిగుతున్నారు. ఘాట్‌లో ఆ తేడా చాలు.

పాతది పదిలం
నేను మొదటి రోజు నుంచి చెబుతున్నాను, ఎవరూ వినడం లేదు. ఆ బండికి ఒక చరిత్ర ఉంది. అప్పట్లో డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్, ఈ నాలుగూ జపాన్ కంపెనీల సాయంతో వచ్చాయి. వాటికి పోటీగా ఇక్కడి ఇంజినీర్లు నిలబెట్టిన బండి 407. 1986లో వచ్చింది. తెలంగాణలో ఈ పరిమాణం వ్యాన్ ఏది కనపడినా ఇప్పటికీ డీసీఎం అనే అంటారు, పేరు వాళ్లకు మిగిలింది, రోడ్డు మీద బండి మాత్రం 407 మిగిలింది. అలాంటి దానికి మంచాలు, ఫ్రిజ్‌లు ఎందుకు? ఉన్నది ఉన్నట్టుగా బాగుచేసి ఉంచితే ఈ ప్రమాదమే లేదు.

ఆటోనగర్ అబ్బాయి
మాస్టారూ, ఒక్క ప్రశ్న. డైనమో పాతదేనా, మార్చారా?

ఒంగోలు మాస్టారు
మార్చాం. ఫ్రిజ్, లోపలి లైట్లు ఉన్నాయి కనుక పెద్దది వేయించాను. దానికీ బ్రేకుకూ ఏమిటి సంబంధం?

ఆటోనగర్ అబ్బాయి
సంబంధం అంతా అక్కడే ఉంది. పెట్రోలు ఇంజనులో గాలి పీల్చే దారికి తలుపు ఉంటుంది, దాని వెనక వాక్యూమ్ దానంతట అదే పుడుతుంది. మన డీజిల్ ఇంజనుకు ఆ తలుపు లేదు. అందుకే వాక్యూమ్ కోసం విడిగా పంపు పెడతారు. మీ బండికి ఆ పంపు డైనమో వెనకే బిగించి ఉంటుంది. కాలి తొక్కుడుకు సాయం చేసే బ్రేకు బూస్టరుకు బలం ఇచ్చేది అదే. బూస్టరులో ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా వాక్యూమ్ నిలవ ఉంటుంది. ఊళ్లో ఒకసారి తొక్కి వదిలితే మళ్లీ నిండేందుకు వ్యవధి దొరుకుతుంది, లోపం బయటపడదు. ఘాట్‌లో మలుపు మలుపుకూ తొక్కుతారు. పంపు సరిగా లాగకపోతే మూడో మలుపుకే పెడలు రాయి అవుతుంది. మీకు జరిగింది అదే అని నా అనుమానం.

రేపు ఉదయం ఇంజను ఆపి ఉంచి పెడలు అయిదారుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు తీయకుండా ఇంజను స్టార్ట్ చేయండి. పెడలు కాస్త కిందికి జారితే బూస్టరు పని చేస్తున్నట్టు. జారకపోతే నాకు చెప్పండి.

ఇంకొకటి. డైనమో ఫ్రిజ్ కోసమే మార్చారా, పాతది కాలిపోతే మార్చారా?

నెల్లూరు హైవే
అన్నా, వాక్యూమ్ సరే. టైరు సంగతి దాటేస్తున్నారు. పెద్ద చక్రానికి బ్రేకు ఎక్కువసార్లు తొక్కాలి, అందుకే వాక్యూమ్ అయిపోయింది. మూలం టైరే.

ఆర్‌సీ పుస్తకం
మీరంతా బ్రేకు దగ్గరే ఆగారు. సరుకు రవాణా వాహనాన్ని పడకగదిగా మార్చడానికి రవాణా శాఖ అనుమతి ఉందా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదవండి, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రేపు ప్రమాదంలో ఎవరికైనా ఏమైనా అయితే బీమా వారు మొదట అడిగేది ఆర్‌సీలో ఏముందనే.

ఒంగోలు మాస్టారు
అనుమతికి దరఖాస్తు చేశాను, పరిశీలనలో ఉంది. దయచేసి ఆ విషయానికి వేరే చర్చ పెట్టండి.

అబ్బాయి గారూ, మీరు చెప్పినట్టు చేసి చూశాను. పెడలు జారలేదు. బానెట్ ఎత్తి, మా అమ్మాయిని ఇంజను స్టార్ట్ చేయమని, టార్చి వేసి చూశాను. పంపు నుంచి బూస్టరుకు వెళ్లే గొట్టం మామూలు నీళ్ల గొట్టంలా ఉంది. ఇంజను తిరగగానే ఒంపు దగ్గర లోపలికి పీల్చుకుపోయి, రెండు గోడలూ అతుక్కుని, నా బొటనవేలి గోరంత పలచగా అయిపోయింది. ఇంజను ఆపిన కాసేపటికి మెల్లగా ఉబ్బింది. అది చూస్తుంటే చేతులు చల్లబడ్డాయి. ఈ గొట్టం మీద నా కుటుంబాన్ని కొండ దింపాను.

ఇప్పుడు చెప్పండి. ఆ గొట్టం వేసింది షెడ్డే కదా?

పాలవ్యాన్
దేవుడి దయ మాస్టారూ. ముందు ఆ గొట్టం తీసి పారేయండి. బండి వీధి మలుపు కూడా దాటించవద్దు.

ఆటోనగర్ అబ్బాయి
గొట్టం తప్పే. కానీ నా ప్రశ్నకు మీరు ఇంకా జవాబు ఇవ్వలేదు. పాత డైనమో ఎందుకు తీశారు?

ఒంగోలు మాస్టారు
మీరు పోలీసు విచారణ చేస్తున్నారా? డైనమో ఎందుకు మార్చానన్నది నా ఇష్టం. వేసిన వస్తువు సరిగా వేశారా లేదా అన్నదే ప్రశ్న. షెడ్డుల వాళ్లంతా ఒకరినొకరు కాపాడుకుంటారని నాకు అర్థమైంది.

నెల్లూరు హైవే
కొత్త టైర్లు అమ్మేసి 7.50 వేయించండి, సగం సమస్య తీరుతుంది.

ఆటోనగర్ అబ్బాయి
కాపాడుకోవడమా? సరే, నేనూ ఒక మాట చెబుతాను.

మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఒక్క ఏళ్లు షెడ్డు ఉండేది. అయిదేళ్ల కిందట ఒకాయన మీలాగే ఇష్టంతో పాత జీపు తెచ్చారు. ఛాసిస్ అంచులకు రంధ్రాలు పెట్టవద్దు, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది, నిలువు పలకకే బోల్టు వేద్దామని నాన్న చెప్పారు. ఆయన వినలేదు. వేరేచోట రంధ్రాలు వేయించుకుని మిగతా పనికి మళ్లీ మా దగ్గరికే తెచ్చారు. ఏడాది తిరగకుండా ఛాసిస్ పగిలింది. ఆయన మా షెడ్డు బోర్డుతో సహా ఫోటో తీసి ఊరంతా పంపారు. రంధ్రాలు ఎవరు వేశారో రాయలేదు. మూడు నెలలు కొత్త బండి ఒక్కటి రాలేదు. నాన్న ఆ తరువాత ఎక్కువ కాలం షెడ్డు నడపలేదు. పానాల పెట్టె ఇప్పటికీ మా ఇంటి వరండాలో ఉంది, ఆయన దాన్ని తెరవరు.

అందుకే అడుగుతున్నాను. సగం కథ రాసి తప్పు ఎవరిదని అడిగితే, చదివిన వాళ్లంతా షెడ్డుదే అంటారు. వైరింగు కాలింది అన్నారు, డైనమో మారింది అన్నారు. నాకు తెలిసినంతలో ఆ రెండూ ఒకేసారి పోవడానికి ముఖ్యమైన కారణం ఒకటి ఉంది. బ్యాటరీ ఎర్త్ తీగ విప్పకుండా బండి మీద వెల్డింగ్ చేయడం. మీ బండికి షెడ్డులో కాక ఇంకెక్కడైనా వెల్డింగ్ జరిగిందా?

వేదిక నిర్వాహకులు
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. ప్రశ్న ప్రశ్నగానే ఉండనివ్వండి.

ఒంగోలు మాస్టారు
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

అవును, జరిగింది. నీళ్ల ట్యాంకు స్టాండు ఊగుతోందని ఒక ఆదివారం మా ఇంటి దగ్గరికి వెల్డర్‌ను పిలిపించాను. అరగంట పని. బ్యాటరీ విప్పాలని అతనూ అనలేదు, నాకూ తెలియదు. సాయంత్రం ఛార్జింగ్ లైటు ఆరలేదు, రెండు రోజుల తరువాత లైట్లు వేస్తే పొగ వచ్చింది. ప్రయాణానికి నాలుగు రోజులే ఉంది. పాత డైనమో బాగుచేయించి ఇస్తాను, వారం పడుతుంది అని షెడ్డు మేస్త్రీ అన్నారు. నేనే ఒప్పుకోలేదు. పెద్దది వేసేయండి, సెలవులు అయిపోతాయి అన్నాను. టైర్ల విషయంలో కూడా, అవి రాసుకుంటాయి సార్ అని ముందే చెప్పారు. ఇవన్నీ మొదటి టపాలో రాయలేదు. రాయవలసింది.

కానీ నా వైపు ఒకటి వినండి. ఆ గొట్టం వేసినప్పుడు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఇది తాత్కాలికం సార్, వచ్చాక మారుద్దాం" అన్నారు. తాత్కాలికం అంటే నేను అందంగా లేదేమో, నూనె కారుతుందేమో అనుకున్నాను. అది బ్రేకు గొట్టమని, ఘాట్ ఎక్కవద్దని అనలేదు. శ్రీశైలం వెళ్తున్నామని ఆయనకు తెలుసు. మా అమ్మాయి షెడ్డులో ఆయన ముందే కూర్చుని ఉంది. నేను ముప్పై ఏళ్లుగా లెక్కలు చెప్పుకుంటున్నవాణ్ణి. డైనమోకూ బ్రేకుకూ ముడి ఉందని నాకు ఎలా తెలుస్తుంది? తెలిసినవారు చెప్పకపోతే మా వంటి వాళ్లకు దారి ఏది? లక్షన్నరకు ఏ పని చేశారో ఒక్క కాగితం కూడా నా దగ్గర లేదు. నా బాధ అది.

పాతది పదిలం
నేను చెప్పింది ఇదే. ఒకటి కదిపితే పది కదులుతాయి.

పాలవ్యాన్
పదిలం గారూ, నా 407లో ఇరవై రెండేళ్లు పాలు చేరవేశాను. దానికి నేను మార్చని భాగం లేదు, కమాన్ కట్టకు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టకు, ఒక పట్టీ కూడా ఎక్కించాను. ఉన్నది ఉన్నట్టు ఉంచితే నా పిల్లల చదువులు సాగేవి కావు. మార్చడం తప్పు కాదు. ఏది మార్చామో నేనూ మా మేస్త్రీ ఒక నోటుపుస్తకంలో రాసి సీటు కింద పెట్టేవాళ్లం. డ్రైవరు మారినా పుస్తకం బండిలోనే ఉండేది.

ఆటోనగర్ అబ్బాయి
మాస్టారూ, మీరు ఇది రాసినందుకు నమస్కారం. నా మాట కటువుగా ఉంటే మన్నించండి.

వెల్డింగ్, తొందర మీవి. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ తాత్కాలికం అని చెప్పి బ్రేకు గొట్టంతో బండి వదలకూడదు. ఆ మేస్త్రీ తాళాలు తన దగ్గరే పెట్టుకోవలసింది. కస్టమరు అరిచినా సరే. నిన్న రాత్రి మా నాన్నను అడిగాను, మీరు ఎప్పుడైనా అలా వదిలారా అని. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, పండగ ముందు రోజుల్లో వదిలాను అన్నారు. అంతకు మించి నేను ఆయన్ను అడగలేకపోయాను.

ఒంగోలు మాస్టారు
మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

సోమవారం షెడ్డుకు వెళ్తున్నాను. బండి తీసుకువెళ్లడం లేదు, మేస్త్రీనే ఇంటికి రమ్మని అడుగుతాను. కాలిన పాత డైనమో అటక మీద ఉంది, పాత పంపు దానికే ఉంది. దాన్ని బాగుచేయించవచ్చా? కొత్తదాని పంపు సరిపోతుందా?

ఆటోనగర్ అబ్బాయి
డయోడ్లు మారిస్తే చాలావరకు బాగవుతుంది. పంపు విప్పించి లోపలి రెక్కలు అరిగాయేమో చూడమనండి. పంపుకు ఇంజను ఆయిలు వచ్చే పైపు, తిరిగి వెళ్లే పైపు రెండూ ఎక్కడా నలగకూడదు. తిరిగి వెళ్లే పైపు నలిగితే పంపు ఆయిలుతో నిండిపోతుంది. మళ్లీ ఘాట్ ఎక్కే ముందు, ఇంజను తిరుగుతుండగా వరుసగా పదిసార్లు పెడలు తొక్కి చూడండి. పదోసారి కూడా మొదటిసారిలాగే ఉండాలి.

నెల్లూరు హైవే
పాత 7.50 టైర్లు రిమ్ములతో సహా ఉన్నాయా మాస్టారూ? లేకపోతే నా దగ్గర రెండు మంచివి ఉన్నాయి. డబ్బు తరువాత చూసుకుందాం. ముందు చక్రాలకైనా వేసుకోండి, రాసుకోవడం ఆగుతుంది. వెనకవి మాత్రం వీలైనంత త్వరగా మార్చండి.

పాలవ్యాన్
గొట్టం కొనేటప్పుడు ఒక చివర కోసి చూడండి. రబ్బరు మధ్యలో నూలు అల్లిక కనపడాలి. లేకపోతే తీసుకోవద్దు.