అప్‌డేట్: ఆ లాంగ్ రైఫిల్ చేత్తో చేసిందేనా?

పెన్సిల్వేనియాలో ఒక పెద్దాయన అమ్ముతున్న ఫ్లింట్‌లాక్ లాంగ్ రైఫిల్ (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పాతకాలపు పొడవాటి తుపాకీ) చేత్తో చేసిందా, రెడీమేడ్ భాగాల కిట్ తెచ్చి బిగించిందా అని మొన్న అడిగాను కదా. బ్యారెల్ (తుపాకీ గొట్టం) విప్పించి చూడమని చాలామంది అన్నారు. ఆయన ఏమీ అనుకోకుండా పిన్నులు తీసి చూపించారు.

బ్యారెల్ కూర్చునే చెక్క గాడి నిండా ఉలి గీతలే, అంటే చేత్తో తొలిచిందే. లాక్ (పేల్చే యంత్రాంగం) కూర్చున్న చోట చెక్కకీ ఇనుముకీ మధ్య గోరు కూడా దూరదు. తుపాకీ చెక్క కర్లీ మేపుల్, అంటే అలల చారలుండే రకం. దానికి రంగు వేయలేదు. నైట్రిక్ యాసిడ్‌లో ఇనుము కరిగించి, అది పూసి వేడి చేశారట. పులిచారలు అలా తేలాయి. ఇత్తడి ప్యాచ్‌బాక్స్ (తుపాకీ చెక్కలో చిన్న సామాన్లు పెట్టుకునే మూత ఉన్న అర) కొసన డెయిజీ పువ్వు, అచ్చం పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ఊరి పాత పనితనం. చూస్తే వదలబుద్ధి కాలేదు.

బ్యారెల్, లాక్ మాత్రం కొన్నవే. ఇప్పుడు చేసేవాళ్లలో ఎక్కువమంది పద్ధతి అదే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ఇనుప పట్టీని కొలిమిలో అతికి బ్యారెల్ చేసే పాత విద్యని వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో తుపాకీలు చేసే వాలెస్ గస్లర్ 1960ల్లో మళ్లీ బతికించారు. అలాంటిది కొనాలంటే మన జేబు చాలదు!

బేరమాడి కొనేశాను. గోడకి తగిలించడానికి మా ఆవిడ ఒప్పుకుంది. కాల్చడం సంగతి ఇంకా ఎత్తలేదు.